రైలు టైముతో పాటు పోటు టైమూ వేయండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో వేసవి విహారాల పేజీ చదివాను. ఒడిశాలోని భితరకనిక జాతీయ ఉద్యానం గురించి రాశారు. ఫొటోలు బాగున్నాయి, రాసినాయన తెలుగు కూడా బాగుంది. ‘పిల్లలకు సెలవులు ఇవ్వగానే మే నెలలో బయల్దేరండి, ఒక్క రోజు చాలు’ అన్నచోటే వచ్చింది చిక్కు. ఏటా మే 1 నుంచి జులై 31 దాకా ఆ పార్కులోకి సందర్శకులను రానివ్వరు. మీ సలహా నమ్మి పిల్లాపాపలతో వెళ్లినవాళ్లు ఖోలా గేటు దగ్గర తాళం చూసి వెనక్కి రావాలి.

నేను పలాసలో ఉంటాను. గూడ్స్ బండి గార్డుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. పేరు పెరిగింది గానీ బ్రేక్‌వ్యాన్‌లో కుదుపు తగ్గలేదని మా కుర్రాళ్లు చెబుతుంటారు. డ్యూటీ మీద ఒడిశా వైపు తిరిగి తిరిగి ఒడియా మాట్లాడ్డం వచ్చింది, ఆ నదుల మీదా ఆ మడ అడవుల మీదా ఇష్టమూ పుట్టింది. భితరకనిక వెళ్తామని మా వాళ్లలో ఎవరన్నా ముందు నన్నే అడుగుతారు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా వేసుకోగలరని ఆశ.

ఆ మూడు నెలలూ ఎందుకు మూస్తారో ముందు చెప్పాలి. అది ఉప్పునీటి మొసళ్లు గుడ్లు పెట్టే కాలం. ఆడ మొసలి సముద్రపు పోటు నీళ్లు అందని మెరక చూసుకుని ఆకులూ రెల్లూ పోగేసి దిబ్బలా గూడు కడుతుంది. యాభై అరవై గుడ్లు పెడుతుంది. అవి పిల్లలు కావడానికి డెబ్బై ఎనభై రోజులు పడుతుంది. ఆకులు కుళ్లే వేడి వాటిని పొదుగుతుంది. ఆ వేడి ఎక్కువ తక్కువలను బట్టే పుట్టేది ఆడదో మగదో తేలుతుంది. అన్నాళ్లూ తల్లి ఆ చుట్టుపక్కలే కాపలా ఉంటుంది. గుడ్ల కోసం ఉడుములూ అడవి పందులూ కాచుకుని ఉంటాయి. మధ్యలో మన బోటు ఇంజన్ మోత, మన పిల్లల కేకలు ఆ తల్లికి ఎందుకు? 1975లో పార్కులోని డాంగమాల్ దగ్గర మొసళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజుల్లో అక్కడ మొత్తం వంద మొసళ్లు కూడా లేవంటారు. ఇప్పుడు లెక్కల్లో 1,800 దాటాయి. గేటు మూయడం కూడా అందులో ఒక భాగమే కాబట్టి నాకైతే దాని మీద ఫిర్యాదు లేదు.

ఫిర్యాదల్లా మన అలవాటు మీదే. మనకు విహారమంటే వేసవి సెలవులు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడులుండవు కాబట్టి ఊటీ అయినా, అరకు అయినా, మొసళ్లయినా ఆ నెలన్నరలోనే అయిపోవాలి. ఊటీ వేసవి కోసమే ఉంది, సరే. సముద్రం పక్కన, నదులు కలిసేచోట ఉండే అడవికి వేరే క్యాలెండర్ ఉంటుంది. మా కాలనీలో ఒక కుటుంబం దగ్గర ఓ టూర్ల ఏజెంటు మే నెల ప్రయాణానికి అడ్వాన్సు కూడా పుచ్చుకున్నాడు. పార్కు మూసి ఉంటుంది కదయ్యా అంటే, “బయటి నుంచి చూపిస్తాం సార్” అన్నాడట. బ్రాహ్మణి, బైతరణి నదుల మధ్య 145 చదరపు కిలోమీటర్ల అడవిని బయటి నుంచి ఎలా చూపిస్తాడో నాకు అర్థం కాలేదు.

మరి ఎప్పుడు వెళ్లాలి? ఏం చూడాలనుకుంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. పక్షుల కోసమైతే ఆగస్టు నుంచి నవంబరు లోపు. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి తొలకరితో వచ్చే నత్తగుల్ల కొంగలు మా జిల్లా వాళ్లందరికీ తెలుసు. ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు పెడతాయి, ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ జాతి కొంగలే భితరకనికలో బగగహన అనేచోట వేల లెక్కన గూళ్లు పెడతాయి, వాటితో పాటు తెల్లకొంగలు, నీటికాకులు. తేలుకుంచిలో మనుషుల మధ్య చూసిన పక్షిని అక్కడ మడచెట్ల మీద, మంచె ఎక్కి చూడటం వేరే అనుభవం. వాసన మాత్రం రెండుచోట్లా ఒకటే, ముక్కుకు తువ్వాలు కట్టుకోండి.

మొసళ్ల కోసమైతే డిసెంబరు, ఫిబ్రవరి. చలికి అవి నీళ్లలోంచి బయటకొచ్చి బురద ఒడ్డున ఎండ కాచుకుంటాయి. మధ్యలో జనవరిని ఎందుకు వదిలేశానంటే, ఏటా ఆ నెలలోనే మొసళ్ల లెక్క తీస్తారు. ఆ కొన్ని రోజులు సందర్శకులకు ప్రవేశం ఆపేస్తారు. తేదీలు ఏడాదికోలా మారతాయి. మన సంక్రాంతి సెలవులూ అవీ ఒక్కోసారి ఒకదానిమీద ఒకటి పడొచ్చు. సంక్రాంతికి అల్లుణ్ని మొసళ్ల దగ్గరికి తీసుకెళ్దామనుకునే మామలు రాజ్‌నగర్‌లోని అటవీ డివిజన్ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నాకే టికెట్లు తీయాలి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే మొదలవుతుంది కాబట్టి, ఫిబ్రవరి ప్రయాణానికి డిసెంబరులో కూర్చుని ఆలోచిస్తే చాలు.

దసరా సెలవులు కూడా పనికొస్తాయి, తుపాను లేకపోతే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మా ప్రాంతాన్ని ఏం చేసిందో కొబ్బరి చెట్టూ జీడి తోటా పోగొట్టుకున్న ఉద్దానం రైతును అడగండి. 2024 అక్టోబరులో దానా తుపాను సరిగ్గా భితరకనిక దగ్గరే, హబలిఖాటీకీ ధమ్రాకీ మధ్య తీరం దాటింది. ఆ మడ అడవి దెబ్బ తనమీద వేసుకుని వెనకున్న ఊళ్లను చాలావరకు కాచిందని అక్కడివాళ్లు చెబుతారు. 1999 సూపర్ సైక్లోన్ తర్వాత కేంద్రపడా జిల్లాలో లెక్కలు తీసినవాళ్లకూ అదే తేలింది. మడ అడవి మిగిలివున్నచోట దాని వెనకున్న ఊళ్లలో చావులు తగ్గాయి. కాబట్టి అక్టోబరులో వెళ్లేవాళ్లు గదులు రద్దు చేసుకునే వీలుంచుకుని, వాతావరణ శాఖ బులెటిన్ చూసుకుని కదలాలి.

ఇక అసలు విషయానికి వస్తాను. మీ పేజీలో రైలు టైము వేశారు, హోటల్ అద్దె వేశారు, బోటు ఖర్చు వేశారు. సముద్రం నీళ్లు ఎక్కే పోటు ఎప్పుడో, దిగే పాటు ఎప్పుడో వేయలేదు. ఉద్యోగమంతా టైమ్‌టేబుల్ చేత్తో పట్టుకుని బతికినవాణ్ని, చెబుతున్నాను వినండి. అక్కడ బోటును నడిపేది నీళ్లే.

రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. ఇవాళ వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ ఆలస్యం ఏ బండికీ లేనంత కచ్చితం. అమావాస్యకూ పౌర్ణమికీ నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, అష్టమి దరిదాపుల్లో ఆ తేడా తగ్గుతుంది. బంగాళాఖాతం పైకి పోయేకొద్దీ తేడా పెద్దది. మన విశాఖ బీచిలో అంతగా కళ్లకు ఆనని మార్పు అక్కడ పాయల్లో మనిషి ఎత్తు దాటుతుంది. దీనివల్ల ఏం జరుగుతుందంటే, నీళ్లు నిండుగా ఉన్నప్పుడు బోటు సన్నటి పాయల్లోకి కూడా పోతుంది గానీ ఒడ్లన్నీ మునిగి ఉంటాయి, మొసలి కనపడదు. నీళ్లు దిగాక బురద ఒడ్లు తేలతాయి, మొసళ్లు పైకి వస్తాయి, కానీ చిన్న పాయల్లో బోటు అడుగు తగిలి ఆగిపోతుంది. పోటు నిండిన తర్వాత బయల్దేరి, నీళ్లు తీస్తూండగా పాయల్లో ఉండి, మరీ అడుక్కి దిగకముందే పెద్ద నదిలోకి వచ్చేయాలి. బోటువాడు ఆ లెక్క పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవాడు. ‘జువార్ ఎప్పుడు?’ అని, అంటే పోటు ఎప్పుడని, వాణ్ని ఒడియాలో ఒక్క మాట అడిగితే మన ప్లాను వాడే వేసిపెడతాడు. మనం అడగం. ‘పన్నెండింటికి దింపేస్తావా?’ అని మాత్రం అడుగుతాం.

ఖోలా పాయలో ఒక శీతాకాలం ఉదయం. మా కూతురు, అల్లుడు, మనవరాలు ఉన్నారు. నీళ్లు దిగడం మొదలై అప్పటికి గంట అయింది. రెండు పక్కలా మడచెట్ల ఆకుల మీద ఒకే ఎత్తులో, స్కేలు పెట్టి గీసినట్టు బురద చార. దాని పైన ఆకులు మెరుస్తున్నాయి, దాని కింద బూడిద రంగు. పోటు ఎంతవరకు వచ్చిందో ఆ చారే చెబుతోంది. ఇంకాస్త దిగాక శ్వాసవేర్లు మేకుల్లా ఒక్కొక్కటే పైకి తేలాయి. వాటి మధ్య ఒక పెద్ద కొండి ఉన్న ఎర్ర పీతలు బొరియల్లోంచి బయటికొచ్చి ఆ కొండి ఊపడం మొదలెట్టాయి. చేప ఒకటి బురద మీద గెంతుకుంటూ పోతుంటే, “తాతయ్యా, అది నీళ్లలోకి పోకుండా పైకెందుకు పోతోంది?” అని మనవరాలు. నీళ్లు దాటి కాసేపు బతకగల చేపలు కొన్ని ఉన్నాయమ్మా అని చెప్పేలోపు బోటువాడు ఇంజను ఆపేశాడు. ఎదుట ఒడ్డున మొసలి, పధ్నాలుగు పదిహేను అడుగులుంటుంది, నోరు పూర్తిగా తెరిచి పడుకుంది. కోపంగా ఉందా అని మా అమ్మాయి. కాదు, ఎండకు ఒళ్లు వేడెక్కితే అలా నోరు తెరిచి చల్లబరుచుకుంటుందట. బోటువాడు చెప్పాడు. మేం చూస్తుండగానే అది చప్పుడు లేకుండా జారి నీళ్లలోకి పోయింది. బురద మీద పొట్ట ఈడ్చిన గాడి, దాని రెండు పక్కలా గోళ్ల గుర్తులు. ఆ ఒడ్డు రెండు గంటల ముందైతే నీళ్ల కింద ఉండేది. తర్వాత రెండు గంటలకు ఆ పాయలో మా బోటే పోలేదు.

మా అల్లుడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. “మావయ్యా, పొద్దున్న మొసళ్లు చూసి సాయంత్రం జగన్నాథుడి దర్శనం కొట్టేద్దాం” అన్నాడు బయల్దేరే ముందు. మ్యాపు తీసి చూపించాను. పూరీ ఎక్కడ, భితరకనిక ఎక్కడ! మన వైపు నుంచి వెళ్లేవాళ్లకు తేలిక దారి భద్రక్ స్టేషన్. హౌరా లైనులోదే కాబట్టి మన బండ్లు చాలా ఆగుతాయి. అక్కడి నుంచి రోడ్డు మీద చాంద్‌బాలి, యాభై కిలోమీటర్ల పైచిలుకు. చాంద్‌బాలి నుంచి బోటు. రెండో దారి కటక్ మీదుగా కేంద్రపడా, రాజ్‌నగర్, గుప్తీ. కారున్న వాళ్లకు అది నయం. ఏ దారైనా రాత్రి డాంగమాల్‌లోనో దగ్గర్లోనో ఉండాలి. అటవీశాఖ గదులు ఎకోటూర్ ఒడిశా వెబ్‌సైటులో బుక్ చేసుకోవచ్చు. ఒక రాత్రి ఉంటే రెండు పాట్లు చేతికి దొరుకుతాయి, ఒకటి తప్పినా ఇంకొకటి ఉంటుంది. చీకటి పడ్డాక బోటు తిరగనివ్వరు. ఆధార్ కార్డులు అందరివీ ఉంచుకోండి, చెక్‌పోస్టులో అడుగుతారు.

తిండి గురించి రెండు మాటలు. కార్తీక వనభోజనాల అలవాటు ప్రకారం స్టవ్వూ గిన్నెలూ మోసుకెళ్లకండి, అడవిలో పొయ్యి వెలిగించడానికి లేదు. పులిహోర, దద్దోజనం స్టీలు డబ్బాల్లో పట్టుకెళ్లండి. ప్లాస్టిక్ సంచులు, పాలిథిన్ కవర్లు గేటు దగ్గరే ఆపుతారు, మంచిదే. దోమల మందు మరిచిపోకండి. కోతులుంటాయి, డబ్బా మూత గట్టిగా ఉండాలి.

చేయి మాత్రం బోటు బయట పెట్టకండి. ఇది హాస్యానికి చెప్పడం లేదు. ఆ అడవి అంచున ఉన్న ఊళ్లలో స్నానానికి దిగినవాళ్లు, గేదెలు కడిగేవాళ్లు మొసలి నోట పడిన సంఘటనలు ఏటా ఉంటాయి. రేవుల దగ్గర అటవీశాఖ కంచెలు కట్టింది. మనం సెల్ఫీ తీసుకునే మొసలే ఆ ఊరి ఆడవాళ్లకు బిందెతో నీళ్లకు దిగడానికి భయం. మొసళ్లు పెరగడం మంచి కబురే గానీ, ఆ కబురు ఖరీదు కడుతున్నది ఆ ఊళ్లవాళ్లు. అందుకే నేనెప్పుడు వెళ్లినా బోటు, భోజనం, గైడు అన్నీ అక్కడి మనుషుల దగ్గరే తీసుకుంటాను. మన ఏజెంటుకు భువనేశ్వర్‌లోనే మొత్తం ప్యాకేజీ డబ్బు కట్టేస్తే ఆ ఊరికి మిగిలేది మనం పారేసిన కాగితాలే.

ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కోసం భితరకనిక వెళ్లేవాళ్లూ ఉన్నారు. పార్కుకు తూర్పున గహిర్‌మఠా తీరానికి లక్షల్లో వస్తాయి, నిజమే. కానీ అవి గుడ్లు పెట్టే నాసి దీవుల వైపు సందర్శకులను వెళ్లనివ్వరు. మీ పేజీలో ఆ ఫొటో వేసి ‘చూడొచ్చు’ అని రాయడం సరికాదు. తాబేళ్ల మీద మనసుంటే అంత దూరం అక్కర్లేదు. మా పలాస నుంచి బరంపురం దాటితే గంజాం దగ్గర రుషికుల్య నది ముఖద్వారం ఉంది, ఫిబ్రవరి మార్చి నెలల్లో అక్కడా గుంపులుగా ఎక్కుతాయి. ప్రతి ఏడాదీ రావు, ఏదో ఏడాది ఎగ్గొడతాయి కూడా. మన శ్రీకాకుళం తీరంలోనే గుడ్లు సేకరించి, పిల్లల్ని సముద్రంలోకి వదిలే కేంద్రాలున్నాయి. ఉదయాన్నే వెళ్లి చూడొచ్చు, ఖర్చు లేదు.

గోదావరి జిల్లాల వాళ్లకైతే కాకినాడ పక్కనే కోరింగ ఉంది. అది జాతీయ ఉద్యానం కాదు, 1978లో ప్రకటించిన అభయారణ్యం. చొల్లంగి దాటగానే చెక్కబాట మీద మడ అడవి లోపలికి నడవొచ్చు, అదృష్టముంటే నీటికుక్కలు కనపడతాయి, బావురుపిల్లి రాత్రి తిరిగేది కాబట్టి అడుగుజాడలతో సరిపెట్టుకోవాలి. అక్కడికి వెళ్లొచ్చి ‘బురద తప్ప ఏమీ లేదు, బోటు కూడా వేయలేదు’ అని తిట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లు వెళ్లింది పాటు వేళకు. ఆ టైములో పాయలో నీళ్లుండవు, బోటు ఎలా తీస్తారు? ఎదురు బండికి దారివ్వడానికి లూప్‌లైన్లో, అంటే పక్క పట్టాల మీద, ఆపిన గూడ్సును చూసి డ్రైవర్ని తిట్టినట్టుంటుంది. అదే మనిషి పోటు చూసుకుని ఇంకో రోజు వెళ్తే తిట్టడు.

ఇందులో మీ వల్ల అయ్యే పని రెండు. మొదటిది, మే నెలలో వెళ్లమన్న మాటకు సవరణ. అది ఈ ఆదివారమే వేయాలి, ఆ పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో. రెండోది కొంచెం పెద్ద కోరిక. రోజూ మీరు తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం వేస్తారు. పోటూ పాటూ కూడా ఆ తిథిని పట్టుకునే నడుస్తాయి, మన మత్స్యకారులు తిథి చూసే వలకు పోతారు. ఆ లెక్కలు ఎక్కడో వెతకక్కర్లేదు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటు పట్టికలు అచ్చువేస్తుంది. సముద్ర సమాచారం ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది, మీ ఆఫీసు నుంచి ఫోన్ చేసినా చెబుతారు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, ఈ నాలుగు ఊళ్లకు రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. విహారాల పేజీలో సముద్రతీరం ఊరేదైనా వచ్చినప్పుడు ఆ ఊరిది కూడా. జాగా లేదంటారేమో. రాశిఫలాల పెట్టెలో ఒక్క రాశికిచ్చే నాలుగు లైన్లు చాలు. నాది మీనరాశి, కావాలంటే దాన్నే తీసేయండి.

ఇట్లు,
విశ్రాంత రైల్వే గార్డు,
పలాస, శ్రీకాకుళం జిల్లా.